జలపాతానికి నడిచి వెళ్ళేముందు



మా హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఆడవాళ్ళకి ఏడాదిలో కాస్త తీరిక దొరికేది కార్తీకంలోనే. వేసవంతా మామిడికాయల గొడవే. కాయలు నూజివీడు మార్కెట్టు దాటేదాకా తోటలున్నవాళ్ళకీ, ఆవకాయలూ మాగాయలూ జాడీలకెక్కేదాకా తోటలు లేనివాళ్ళకీ ఊపిరి సలపదు. ఆ తర్వాత శ్రావణ శుక్రవారాలు, వినాయకచవితి, దసరా, దీపావళి. అవన్నీ అయ్యాక అప్పుడొస్తాయి వనభోజనాలు.

వెనకటి రోజుల్లో వనభోజనమంటే ఊరి బయట తోటలో ఉసిరిచెట్టు కింద నాలుగు విస్తళ్ళు వేసుకోవడమే. ఇప్పుడు పద్ధతి మారింది. వీధిలో పదిమందీ కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని, తెల్లవారకముందే బయలుదేరి, ఏలూరు, రాజమండ్రి, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి వెళ్ళిపోతున్నారు. దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు. అక్కడ జలతరంగిణి, అమృతధార అని జలపాతాలున్నాయి. మొదటిది రోడ్డుకి దగ్గరలోనే ఉంటుంది. రెండోదానికి అడవిలోకి దిగి నడవాలి. పొద్దున్నే వెళితే మంచు ఇంకా చెట్ల మీదే ఉంటుంది. పది అడుగుల అవతల మనిషి కనిపించడు గాని నీళ్ళ హోరు మాత్రం వినిపిస్తూ ఉంటుంది. వెళ్ళి తీరవలసిన చోటే. వంటింటి గోడల మధ్య ఏడాదంతా గడిపే మనబోటివాళ్ళకి మరీను.

అయితే గుడికి వెళ్ళేముందు ఆ గుడి ఆచారం తెలుసుకుంటాం కదా. జలపాతానికి వెళ్ళేముందు ఆ నీటి స్వభావం తెలుసుకోవద్దూ? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

ముందు ఆ మంచు ఎక్కణ్ణించి వస్తుందో చూద్దాం. బంగాళాఖాతం మీది తేమగాలి గోదావరి జిల్లాల పచ్చని చేల మీదుగా వచ్చి తూర్పు కనుమలకి తగులుతుంది. కొండ అడ్డం వచ్చింది గనక గాలి పైకెక్కాలి. పైకెక్కేకొద్దీ చల్లబడుతుంది. ఒక కిలోమీటరు ఎత్తుకి ఉరమరగా 6 డిగ్రీలు తగ్గుతుంది. వేడిగాలి మోసినంత ఆవిరిని చల్లగాలి మోయలేదు. అన్నం గిన్నె మీది మూత తీసి తిరగేసి చూస్తే లోపల నీటిబొట్లు కనిపిస్తాయి కదా, గాలిలోని ఆవిరీ అలాగే సన్నని బొట్లుగా మారుతుంది. ఆకాశంలో ఉంటే దాన్ని మబ్బు అంటాం. కొండమీద కూచుంటే మంచు అంటాం. రెండూ ఒకటే. దీనికితోడు అడవిలోని చెట్లు పగలంతా వదిలిన తేమ రాత్రి చలికి లోయల్లో పేరుకుంటుంది. మారేడుమిల్లికి ఎగువన ఉన్న గుడిసె కొండమీద నిలబడితే తెల్లవారుజామున మబ్బులు మన కాళ్ళకింద కనిపించేది అందుకే.

ఇక జలపాతం. ఈ కనుమల్లో ఎక్కువగా కనిపించే రాయికి శాస్త్రజ్ఞులు ఖొండలైటు అని పేరు పెట్టారు. తూర్పు కనుమల్లో కాపురముండే ఖోండు జాతివారి పేరే ఆ రాయికీ వచ్చింది. కొండలో అన్ని రాళ్ళూ ఒక్క గట్టితనంగా ఉండవు. మెత్తనిది త్వరగా అరుగుతుంది, గట్టిది నిలుస్తుంది. అలా వాగు దారిలో ఒక మెట్టు ఏర్పడుతుంది. ఆ మెట్టు మీంచి నీళ్ళు దూకితే జలపాతమైంది.

నీళ్ళు దూకే చోట ఇంకొకటి జరుగుతుంది. వరదలో కొట్టుకొచ్చిన గులకరాళ్ళు అక్కడ సుడిలో పడి గిరగిరా తిరుగుతాయి. రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టే. తిరిగి తిరిగి బండలో లోతైన గుంటలు తొలుస్తాయి. పైనుంచి చూస్తే నీళ్ళు తేటగా, నడుం లోతే ఉన్నట్టు కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకి వేస్తే రోలులాంటి గుంట. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

వానలు వెనకబడి రెండు నెలలైనా ఆ వాగు ఇంకా ఎలా పారుతోందని మీకు అనుమానం రావచ్చు. అదంతా అడవి చలవ. వాన ముందు పెద్దచెట్ల ఆకుల మీద పడుతుంది, అక్కణ్ణించి చిన్నచెట్ల మీదికి, తర్వాత నేలమీది ఎండుటాకుల మీదికి దిగుతుంది. నేల దెబ్బ తినదు. ఎండుటాకులు కుళ్ళి మెత్తబడిన మన్ను, తడిగుడ్డలాగా నీటిని పట్టి ఉంచి కొంచెం కొంచెంగా వదులుతుంది. అందువల్లనే సంక్రాంతి నాటికి కూడా ఆ వాగులో ధార ఆగదు. చెట్టు కొట్టేస్తే ఆ మన్ను రెండు వానలకే కొట్టుకుపోతుంది. ఇక వానపడ్డ రోజున వరద, మర్నాటికి ఇసుక.

ఇలాంటి మంచు అడవులూ జలపాతాలూ ఉన్న దీవి ఒకటి హిందూ మహాసముద్రంలో ఉంది. అది మనకి పరాయిదేమీ కాదు. అదే మారిషస్. 19వ శతాబ్దంలో చెరుకుతోటల పనికి మనవాళ్ళు కాకినాడ పక్కనున్న కోరంగి రేవులో ఓడలెక్కి అక్కడికి వెళ్ళారు. ఆ రేవు పేరుమీదే అక్కడివాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలన్నారు. వారి సంతతి ఈనాటికీ అక్కడ ఉగాదీ, అమ్మోరు పండగా చేసుకుంటున్నారు. ఉగాది అక్కడ దేశానికంతటికీ సెలవురోజు. ఆ దీవి నడిమధ్య ఎత్తు నేలమీద ఎప్పుడూ మబ్బు కమ్మి ఉంటుంది. తమరిన్ అనే చోట జలపాతం ఒకటి కాదు, మెట్లు మెట్లుగా ఏడు జలపాతాలు. నల్లరాతి బండలమీదుగా అడవిలో గంటల తరబడి నడిచి చూసివస్తారు.

అయితే ఆ దీవి సొంత అడవి ఇప్పుడు చెడకుండా మిగిలింది నూటికి రెండు పాళ్ళ లోపే. మొదట డచ్చివాళ్ళు నల్లచేవ చెట్ల కోసం కొట్టారు, తర్వాత చెరుకు కోసం ఫ్రెంచివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ కొట్టారు. పైగా బయటినుంచి తెచ్చి వేసిన ఒక ఎర్రజామ మొక్క అడవంతా పాకి సొంత చెట్లకి చోటు లేకుండా చేసింది. 1994లో నేషనల్ పార్కు పెట్టి, మిగిలిన చోట్ల కంచె వేసి, ఆ జామ పీకించి, పాతచెట్ల నారు పోసుకుంటున్నారు. పోగొట్టుకున్న అడవిని తిరిగి తెచ్చుకోవడం అంత కష్టం. మనకి తూర్పు కనుమలు ఇంకా పచ్చగా మిగిలాయంటే అదృష్టమే.

సరే, ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. కొండవాగు ఎందుకు అంత హఠాత్తుగా పెరుగుతుంది?

మనం లెక్కల్లో తక్కువవాళ్ళం కాదు, పాలలెక్కా చాకలిపద్దూ చూసుకునేవాళ్ళమే. ఈ లెక్క కూడా వేసి చూడండి. జలపాతానికి ఎగువన ఒక చదరపు కిలోమీటరు కొండ ఉందనుకుందాం. తోటల భాషలో చెప్పాలంటే సుమారు 250 ఎకరాలు. దానిమీద ఒక్క సెంటీమీటరు వాన పడింది. అంటే ఒక కోటి లీటర్లు. మన వీధికొచ్చే నీళ్ళ ట్యాంకరు 5,000 లీటర్లదైతే రెండు వేల ట్యాంకర్ల నీళ్ళు. అందులో సగం భూమి తాగేసినా వెయ్యి ట్యాంకర్లు మిగిలాయి. అవన్నీ ఏటవాలు కొండమీంచి జారి ఒకే ఒక్క సన్నని వాగులోకి రావాలి. గట్టి వాన గంటలో ఐదు సెంటీమీటర్లు కూడా కురుస్తుంది. అప్పుడు లెక్క ఐదింతలు. నేల అప్పటికే తడిసి ఉంటే తాగేది ఇంకా తక్కువ.

ఇందులో మోసం ఎక్కడుందంటే, వాన పడేది ఎగువన, మనం ఉండేది దిగువన. మన నెత్తిమీద ఎండ కాస్తూనే ఉంటుంది. పిల్లలు నీళ్ళలో ఆడుతూనే ఉంటారు. ఎప్పుడో పావుగంట కిందట, అరగంట కిందట కొండ అవతల పడిన వాన అప్పుడు వచ్చి చేరుతుంది.

ఇది మనకి కొత్త కాదు. మన తమ్మిలేరూ, రామిలేరూ ఏడాదిలో చాలా భాగం ఇసుకమేటలే కదా. ఎగువ కొండల్లో వాన దంచిందంటే మాత్రం రాత్రికి రాత్రి కట్టలు తెంచుకుంటాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి బెజవాడలో సగం పేటలు నీళ్ళపాలయిన సంగతి ఎవరు మరిచిపోతారు? సరిగ్గా అదే నెల 22వ తేదీన ఏలూరు నుంచి విహారయాత్రకి వెళ్ళిన వైద్య విద్యార్థులు జలతరంగిణి దగ్గర నీళ్ళలో ఉండగా ఒక్కసారిగా వాగు పొంగింది. ఐదుగురు కొట్టుకుపోయారు. ఇద్దరిని బయటికి తీయగలిగారు. ముగ్గురు దక్కలేదు. రేపోమాపో డాక్టర్లు కావలసిన పిల్లలు. చదువూ తెలివీ లేక జరిగింది కాదది. కొండవాగు పద్ధతి మైదానంలో పెరిగినవాళ్ళకి ఎవరూ చెప్పకపోవడం వల్ల ఇలాంటివి జరుగుతున్నాయి.

నీటి బలం గురించి కూడా ఒక్కమాట. ఒక బిందె ఎత్తితేనే మన నడుం పట్టేస్తుంది. అలాంటివి వందలకొద్దీ బిందెలు కాళ్ళని నెడుతుంటే నిలబడగలమా? వాగు వేగం రెండింతలైతే అది నెట్టే బలం నాలుగింతలవుతుంది. జానెడు లోతున్న నీళ్ళే అయినా ఉరవడిగా పారుతుంటే పెద్దమనిషిని కూడా పడగొట్టగలవు. "మోకాలు లోతే కదా" అనే మాట కొండవాగు దగ్గర అనకూడదు. లోతు కాదు, వేగం చూడాలి.

అయితే ఎప్పుడు వెళ్ళాలి? జలపాతం ఒళ్ళు విరుచుకుని కనిపించేది శ్రావణ భాద్రపదాల్లో. చూడ్డానికి అప్పుడే బాగుంటుంది, దగ్గరికి పోవడానికి అప్పుడే బాగుండదు. కార్తీకం నుంచి పుష్యం దాకా మంచూ ఉంటుంది, నీళ్ళూ నెమ్మదిగా ఉంటాయి. కాని మన కోస్తాలో కార్తీకమంటే తుపానుల కాలం కూడా. 2025లో మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది అక్టోబరు 28 రాత్రి, అంటే కార్తీకమాసంలోనే. కాబట్టి వ్యాను మాట్లాడుకున్నాం గదా, అడ్వాన్సు ఇచ్చేశాం గదా అని బయలుదేరకండి. వెళ్ళే ముందురోజూ, వెళ్ళే రోజు పొద్దునా వాతావరణ సూచన వినండి. మన ఊరికి కాదు, ఆ కొండలకి ఏం చెప్పారో వినండి. ఘాట్ రోడ్డుమీద మంచులో రాత్రి ప్రయాణం పెట్టుకోకండి. డ్రైవరుకి నిద్ర ఉండేలా చూసుకోవడం కూడా మన పనే అనుకోండి.

ఇక సరంజామా. వారం రోజుల ముందునుంచీ పొద్దున అరగంట నడవండి, డాబా మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగండి. పిక్కలు అలవాటు పడతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గుండెజబ్బుకి మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడిగి బయలుదేరడం మంచిది. ఎక్కడం కంటే దిగడమే మోకాళ్ళకి కష్టమని గమనించండి. కాలికి నున్నని అడుగున్న చెప్పులు పనికిరావు. అడుగున గరుకు గాళ్ళున్న బూట్లే తొడుక్కోండి. కొత్తవి అప్పుడే వేస్తే బొబ్బలెక్కుతాయి, వారం ముందే వేసి నడవండి. చీర మన కట్టే, కాదనను. కాని ఆరు గజాల నూలుచీర తడిసిందంటే కాళ్ళకి చుట్టుకుని అడుగు పడనివ్వదు. ఆ ఒక్కరోజూ పంజాబీ డ్రెస్సు వేసుకుంటే ఎవరూ తప్పుపట్టరు. చీరే కట్టుకుంటామంటే కుచ్చిళ్ళు కాస్త పైకి ఎత్తి కట్టుకోండి.

సంచిలో తాగేనీళ్ళు, బెల్లం వేరుశెనగ ఉండలు, పులిహోర, ఒక టార్చిలైటు, దూది కట్టుగుడ్డా, మామూలుగా వాడే మందులు, దోమలు కుట్టకుండా రాసుకునే లేపనం ఉండాలి. వీటితోపాటు గట్టి పాత నేతచీరలు రెండు, గట్టిగా మూత బిగిసే ఖాళీ ఐదు లీటర్ల నీళ్ళడబ్బా ఒకటి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

అడవిలోకి దిగేటప్పుడు స్థానికులెవరినైనా తోడు తీసుకోండి. ఆ ప్రాంతంలో అటవీశాఖ వనసంరక్షణ సమితుల్లోని గిరిజనుల చేతనే యాత్రికుల ఏర్పాట్లు నడిపిస్తోంది. ఆ కొండల్లో పుట్టిన కొండరెడ్డి పెద్దాయన వాగు చప్పుడు విని నీళ్ళు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చెప్పగలడు. మనకది రేడియో కంటే దగ్గరి సమాచారం. "పైన వాన పడిందా?" అని మొదట ఆయన్ని అడగండి. "ఈ రోజు వద్దమ్మా" అంటే ఇంక వాదన పెట్టుకోకండి.

నడిచేటప్పుడు ముందొకరు, వెనకొకరు తెలిసినవాళ్ళుండాలి. మధ్యలో పిల్లలూ పెద్దవాళ్ళూ. మంచులో దారి తప్పడం చాలా తేలిక, అందరూ ఒకరికొకరు కనిపించేంత దూరంలోనే నడవాలి. ఎవరైనా విడిపోతే అటూ ఇటూ తిరక్కుండా ఉన్నచోటే ఆగి కేకవెయ్యాలని పిల్లలకి ముందే చెప్పండి. చేతికర్ర ఒకటి ఉంటే దిగేటప్పుడు మూడో కాలవుతుంది. ఏటవాలులో తిన్నగా దిగకుండా కాస్త పక్కకి తిరిగి, చిన్న చిన్న అడుగులు వేయండి. రాయి నల్లగా, పచ్చగా మెరుస్తోందంటే పాచి ఉందన్నమాట. అక్కడ కాలు పెట్టకండి. పట్టుకోసం చూడకుండా రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకండి, పాములూ తేళ్ళూ ఉండే చోట్లవి. పొరపాటున పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం, నాటుమందుకోసం తిరగడం ఏదీ వద్దు. కరిచిన చోటు కదలనివ్వకుండా మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి.

వనభోజనమన్నాం గనక పొయ్యి వెలిగిద్దామనిపిస్తుంది. అడవిలో నిప్పు వద్దు. జలపాతాల పక్క కొండచరియలకీ, పెద్దచెట్లకీ తేనెపట్లు ఉంటాయి. పొగ తగిలితే కొండతేనెటీగలు లేస్తాయి, వాటికి మనం చుట్టాలమని తెలియదు. వంట ఇంటి దగ్గరే ముగించుకుని వెళ్ళండి. లేదా బసచేసిన చోట అనుమతించిన స్థలంలో చేసుకోండి.

జలపాతం చేరాక ఏం చెయ్యాలి? ముందు కూచోండి. ఎక్కడ? నీటి అంచున కాదు. గట్టున పాత వరద తెచ్చి వదిలిన పుల్లలూ, చెత్తా చెట్లకి చిక్కుకుని కనిపిస్తాయి. నీళ్ళు అంతదాకా వచ్చాయనడానికి అదే సాక్ష్యం. దానికంటే పైన కూచోండి. వాగు మధ్యన బండలమీద జంపఖానా పరిచి కూచోవడం అన్నిటికంటే ప్రమాదం. నీళ్ళు పెరిగితే రెండువైపులా దారి మూసుకుపోతుంది.

కూచున్నాక నీటి అంచున ఒక రాయిని గుర్తుపెట్టుకోండి. పది నిమిషాలకోసారి దాన్ని చూస్తూ ఉండే బాధ్యత ఒకరికి అప్పగించండి. పాలు పొయ్యిమీద పెట్టి ఒకర్ని చూస్తూ ఉండమంటాం కదా, అలాగ. ఆ రాయి మునిగినా, తేటనీళ్ళు కలకబారినా, ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తున్నా, నీటిహోరు మారినా, ఎగువన ఉరుము వినిపించినా, మరొకసారి ఆలోచించక్కర్లేదు. లేచి పైకి నడవండి. సంచులు, చెప్పులు, ఫోన్లు ఏవీ ఏరుకోవద్దు. వాగు వెంబడి పరుగెత్తకూడదు, నీళ్ళు మనకంటే వేగం. పక్కకి, ఎత్తుకి ఎక్కాలి.

ధార కింద తల పెట్టాలని అందరికీ ఉంటుంది. నీళ్ళతోపాటు పైనుంచి రాళ్ళూ, కొయ్యదుంగలూ కూడా పడతాయి. మడుగులోకి దూకడం అంతకంటే వద్దు. రుబ్బురోటి గుంటల సంగతి చెప్పుకున్నాం కదా. అదీగాక, ధార పడే చోట నురగ ఉంటుంది. నురగంటే సగం గాలి. గాలి మనిషిని తేల్చలేదు. ఈత బాగా వచ్చినవాడు కూడా ఆ నురగలో మునుగుతాడు, కిందికి లాగే సుడి వాణ్ణి వదలదు. కాళ్ళు తడుపుకోవాలంటే దిగువన, నీళ్ళు పలచగా నెమ్మదిగా పారేచోట, అడుగు కనిపించేచోట కూచుని తడుపుకోండి. పిల్లల చెయ్యి పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి. ఫోటోల కోసం వెనక్కి వెనక్కి అడుగులు వేయడం ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రమాదం.

జరగకూడనిది జరిగిందనుకోండి. ఎవరైనా నీళ్ళలో పడితే వెంటనే ఇంకొకరు దూకుతారు, ముఖ్యంగా తల్లులు. ఒకరికోసం దూకి ఇద్దరూ పోయిన సందర్భాలే ఎక్కువ. గట్టుమీదే నిలబడి ఏదైనా అందించాలి. ఇందాక రెండు పాతచీరలు అన్నాను, ఒక్కొక్కటీ ఐదున్నర మీటర్లు. రెండూ ముడివేస్తే పది మీటర్ల తాడు. మూత బిగించిన ఖాళీ డబ్బా కొసకి కట్టి విసిరితే అది తేలుతుంది, మునిగేవాళ్ళు దాన్ని పట్టుకుంటారు. చీర ఇవతలి కొసని చెట్టుకి చుట్టి, పడుకునో కూచునో లాగాలి. ఎవరైనా నడివాగులో బండమీద చిక్కుకుంటే నీళ్ళు తగ్గేదాకా అక్కడే ఉండమనండి. కొండవాగు ఎంత త్వరగా వస్తుందో చాలాసార్లు అంత త్వరగానూ తీస్తుంది. సాయానికి 112, అంబులెన్సుకి 108. అడవిలో ఫోను పలకదు గనక దగ్గరి ఊరు ఎటువైపో వచ్చేటప్పుడే అడిగి ఉంచుకోవాలి.

బయటికి తీసినవాళ్ళని తలకిందులుగా పట్టుకోవడం, గిరగిర తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం మన పల్లెల్లో పాత అలవాటు. అది పూర్తిగా తప్పు. పోయేది నీళ్ళు కావు, ఊపిరి అందాల్సిన విలువైన నిమిషాలు. గట్టినేలమీద వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి ఆడకపోతే తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరుపెట్టి ముందు ఊపిరి ఊదాలి. ఛాతీ పైకి లేస్తోందో లేదో చూడాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్యన రెండు చేతులతో 30 సార్లు గట్టిగా వేగంగా నొక్కి, మళ్ళీ 2 ఊపిర్లు. సాయం అందేదాకా ఇలాగే. ఇది చదివి వచ్చే విద్య కాదు. దగ్గరలో ప్రథమ చికిత్స శిక్షణ ఎక్కడైనా జరిగితే మన మహిళామండలి వాళ్ళంతా వెళ్ళి ఒకపూట నేర్చుకోవాలి. మునిగి తేలినవాళ్ళు లేచి మాట్లాడుతున్నా సరే డాక్టరుకి చూపించి తీరాలి. కొన్ని గంటల తర్వాత ఆయాసం తిరగబెట్టవచ్చు.

తిరిగొచ్చాక వారానికో రెండు మూడు వారాలకో జ్వరం వస్తే, "పలానా రోజున ఏజెన్సీ అడవికి వెళ్ళాం" అని డాక్టరుకి తప్పక చెప్పండి. అక్కడ మలేరియా ఉంది. ఒంటిమీద ఎక్కడైనా నొప్పిలేని నల్లని పక్కుకట్టిన పుండు కనిపిస్తే అదీ చూపించండి. గడ్డిలో ఉండే సన్నని పురుగు కరిచినా జ్వరం వస్తుంది.

మరొక్క సంగతి. మనకి విహారస్థలమైన ఆ వాగే దిగువ గూడేలవాళ్ళకి తాగునీరు. అందులో సబ్బులు, షాంపూలు కలపకండి. విస్తరాకులు తప్ప ప్లాస్టిక్ పళ్ళేలు పట్టుకెళ్ళకండి, పట్టుకెళితే మళ్ళీ వ్యానులో వేసుకుని తీసుకురండి. దారిలో గిరిజన స్త్రీలు అమ్మే తేనె, చింతపండు, పసుపు కొంటే బేరం మరీ లాగకండి. వాళ్ళని అడక్కుండా ఫోటో తియ్యకండి. మన వాకిట్లోకి ఎవరో వచ్చి ఫోటో తీస్తే మనమూరుకుంటామా?

ఇంత చెప్పిందీ మిమ్మల్ని భయపెట్టి ఇంట్లో కూచోబెట్టడానికి కాదు. ఆ మంచులో నడవండి. గాలిలో తడిమట్టి వాసన పీల్చండి. ఆ హోరు ముందు ఓ గంటసేపు మాట్లాడకుండా కూచోండి. జలపాతం చూడవలసిన వస్తువు, స్నానాలరేవు కాదు. అంతే తేడా.

వ్యాను నిండా ఉన్న పదిమందిలో కుర్రాళ్ళు ఎప్పుడూ "ఇంకొంచెం సేపు, పిన్నీ" అనే అంటారు. మగవాళ్ళు "ఏం కాదులే, ఇంత దూరం వచ్చి" అంటారు. గుర్తురాయి మునిగిందని చూసిన ఆడది ఒక్కతీ గట్టిగా "చాలు, లేవండి" అనాలి. అప్పటికి నవ్వుతారు, పిరికిదంటారు. అననివ్వండి. పొద్దున ఎంతమందిని లెక్కపెట్టి వ్యానెక్కించామో, సాయంత్రం అంతమందినీ లెక్కపెట్టి దించుకోవాలి. ఆ లెక్క మనదే.